ఈశాన్యానికి జరిపిన తెర

ఆ చీర కొంగును బల్ల మీద పరిచి చూపించినప్పుడు మొదట నాకు తప్పేమీ కనబడలేదు. ఎర్రటి పట్టు, మంచి జరీ, వరసగా బుటాలు.

"చక్రాలు చూడు సారూ, చక్రాలు," అన్నాడు యజమాని.

అప్పుడు చూశాను. అవి చక్రాలు కావు. ఎవరో రెండు పక్కలా అదిమిపట్టినట్టు నిలువుగా సాగిన కోడిగుడ్లు. కొంగు నిండా కోడిగుడ్లు.

బత్తలపల్లె దాటి ధర్మవరం వైపు పోతుంటే రోడ్డు పక్కన వచ్చే రేకుల షెడ్డు అది. లోపల పట్టు మగ్గాలు. పక్కనున్న చిన్న గదిలో కంప్యూటరు. బుటాను కంప్యూటరులో గీస్తే దాన్ని బట్టి అట్టలకు చిల్లులు పడతాయి. మగ్గం ఆ చిల్లులను బట్టి నేస్తుంది. గీసేది నా దగ్గర ఒకప్పుడు లెక్కలు చదువుకున్న అమ్మాయి. నేతగాళ్ల ఇంటి పిల్ల. ముందురోజు నాకు ఫోన్ చేసింది.

"సార్, ఒగతూరి వచ్చి పోండి. నా కుర్చీ పోయేట్టుండాది."

నేను పోయేసరికి ఆమె లోపల లేదు. షెడ్డు బయట నీళ్ల డ్రమ్ము పక్కన నిలబడి ఉంది. ఏమ్మా ఇక్కడున్నావంటే, "మూడు దినాల నుంచి నన్ను గదిలోకి రానీయడం లేదు సార్," అంది. మొహం తిప్పుకోలేదు, గొంతు తగ్గించలేదు. తల దించుకోవలసింది తాను కాదని ఆమెకు తెలుసు.

జరిగింది ఇది. అంతకు నెల ముందు మగ్గాల మీద పడుగు దారాలు ఊరికే తెగుతున్నాయని యజమాని ఒక వాస్తు సిద్ధాంతిని పిలిపించాడు. ఎండలకు గాలి ఎండిపోతే పట్టు దారం తెగుతుందని ఆ షెడ్డులో దారం కండెలు చుట్టే ఆడవాళ్లను అడిగినా చెప్పేవాళ్లు. గోనెపట్టాలు తడిపి కట్టించమనేవాళ్లు. వాళ్లను ఎవరడుగుతారు? సిద్ధాంతి గదంతా కలియజూసి, బరువు నైరుతిలో ఉండాలి, వెలుగు ఈశాన్యంలో ఉండాలి అన్నాడు. కంప్యూటరు పెట్టె బరువు. తెర వెలుగు. కాబట్టి పెట్టె నైరుతి మూల, తెర ఈశాన్యం మూల. మధ్యలో గది. తెరకు ఉన్న నీలం మొనల తీగ అంత దూరం అందదు కదా, ధర్మవరం బజారులో దొరికిన చవక పొడుగు తీగ తెచ్చి అతికించారు. ఒక యంత్రాన్ని తలా మొండెమూ వేరు చేసి గదికి చెరో మూలా కూర్చోబెట్టి, మధ్యలో పేగు లాగినట్టు తీగ లాగారు.

ఆ మరునాడే అమ్మాయి చెప్పిందట: "అన్నా, తెర మీద బొమ్మలు అడ్డంగా సాగినట్టుండాయి." ఈశాన్యం వెలుగు తగిలింది కదా, అట్లే విశాలంగా కనిపిస్తుందని యజమాని జవాబు. ఆమె కొత్త బుటా గీసింది. తెర మీద చక్రం అడ్డంగా ఉబ్బి కనబడుతుంటే, గుండ్రంగా కనిపించేదాకా పక్కలు తగ్గించింది. బుటా గీసే గళ్లు అడ్డం, నిలువు లెక్కపెట్టి ఉంటే తేడా పట్టుబడేది. కొనేవాళ్లు తొందర పెడుతున్నారని యజమాని లెక్క పెట్టనివ్వలేదు. తెర మీద గుండ్రమైనది గుడ్డ మీద గుడ్డయింది.

అప్పుడు ఆయన ఎవరిని పిలవాలి? మళ్లీ ఆ సిద్ధాంతినే పిలిచాడు. దోషానికి కారకుడే వచ్చి దోషాన్ని పరీక్షించాడు. బుటా గీసిన తేదీలు అడిగాడు, ఆమె బహిష్టు రోజులేవని యజమాని భార్యను అడిగాడు, వేళ్ల మీద లెక్క వేసి, ముట్టుతో ఈశాన్యపు తెరను తాకిందన్నాడు. షెడ్డులో పదిమంది మగవాళ్ల ముందు ఒక ఆడపిల్ల ఒంటి సంగతి అంత బాహాటంగా చర్చకు పెట్టిన మనుషులకు, తాకడంలో అపవిత్రత కనబడింది! గది తలుపుకు దేవుడి బొమ్మ ఉన్న క్యాలెండరు తగిలించారు. దానికి దారంతో ఎర్ర పెన్సిలు వేలాడదీశారు. అక్కడ పనిచేసే ఆడవాళ్లు ఆ రోజులకు సున్నాలు చుట్టాలి. సున్నా ఉన్న రోజున గది గడప తొక్కకూడదు, కూలి ఉండదు. ఇంకొకసారి తేడా వస్తే ఆమె కుర్చీ యజమాని బామ్మర్దిది.

ఆ రోజు సిద్ధాంతి కూడా అక్కడే ఉన్నాడు, శాంతి చేయడానికి. నన్ను చూసి నవ్వాడు.

"రండి, రండి. నాస్తికులు వచ్చినారు. యంత్రానికి మీరేం మంత్రమేస్తారో సూద్దాం."

"మంత్రం మీ పని స్వామీ. నేను దాన్నే అడుగుతాను," అన్నాను.

తెరల సంగతి నేను చదువుకుని నేర్చుకున్నది కాదు. మా హేతువాద సంఘం కరపత్రాలు కంపోజు చేసుకునే పాత కంప్యూటరు ఒకటి ఉండేది. దాని తెర నల్లబడి, నా పరిధి దాటిందని ఇంగ్లీషులో ఒక ముక్క చూపించి మొరాయించేది. దాంతో పోట్లాడి పోట్లాడి నేర్చుకున్నాను. కంప్యూటరులో అన్నిటికీ అడుగున ఉండి యంత్రాన్ని నడిపేదాన్ని కెర్నెల్ అంటారు. తెరను తగిలించగానే కెర్నెల్ దాన్ని నువ్వెవరివని అడుగుతుంది. తెర తన పుట్టుపూర్వోత్తరాలు ఒక చిన్న చీటీగా పంపుతుంది: అడ్డంగా ఇన్ని చుక్కలు, నిలువుగా ఇన్ని వరసలు, సెకనుకు ఇన్నిసార్లు, ఒక్కో వరస చివర ఇంత విరామం. ఆ చీటీ నడవడానికి తీగలో వేరే సన్నటి తంతులు ఉంటాయి. చవక తీగల్లో ఖర్చు మిగులుతుందని వాటిని వేయరు. బొమ్మ వస్తుంది, చీటీ రాదు.

కెర్నెల్ ఆ చీటీ దాచే చోటు తెరిచాను. ఖాళీ. ఒక్క అక్షరం లేదు. పక్కనే అది ఎంచుకున్న కొలత: 1024 అడ్డం, 768 నిలువు.

"ఏం చెప్పిందప్పా నీ కంప్యూటరు?" అన్నాడు యజమాని.

"తెర ఎవరో తనకు తెలియదంది."

"తెలీకుంటే మరి ఎట్ల నడుస్తాండాది?"

అది మంచి ప్రశ్న. అక్కడున్న వాళ్లలో సరైన ప్రశ్న అడిగింది ఆయనే, పాపం. చెప్పాను. తెరలు చేసేవాళ్లందరూ కూడబలుక్కుని ఒప్పుకున్న కొలతల పట్టిక ఒకటి కెర్నెల్ కడుపులో ఉంటుంది. తెర నోరు మెదపకపోతే, ఏ తెరకూ హాని చేయని మధ్యస్తపు కొలతను అందులోంచి తీసుకుని ప్రస్తుతానికి దాంతో నడుపుతుంది. ఆ కొలత పాతకాలపు ఇంచుమించు నలుచదరపు తెరలది. మీది వెడల్పు తెర. కాబట్టి వచ్చిన బొమ్మను అటూ ఇటూ లాగి తెర నింపుకుంది. నాకు తెలియదు, కాబట్టి జాగ్రత్తగా ఉంటాను అన్నది కెర్నెల్. ఆ మాట ఈ గదిలో ఇప్పటిదాకా అన్నది అదొక్కటే.

సిద్ధాంతి సందు దొరికిందనుకున్నాడు. "వరస చివర విరామం అంటిరే, అదేంటికి?"

"పాత గాజు తెరల్లో ఒక కిరణం వరస గీసి మళ్లీ మొదటికి పోవాల్సి వచ్చేది. మగ్గంలో దారం మోసే నాడె అటు పోయి ఇటు వచ్చినట్టు. దానికి పట్టే సమయం."

"ఈ తెరలో కిరణం ఉండాదా?"

"లేదు."

"విరామం ఉండాదా?"

"ఉంది."

"సూస్తిరా!" షెడ్డు వైపు తిరిగి చేతులు చాచాడు. "కారణం పోయినా ఆచారం ఇడ్సలేదు. మీ యంత్రం కూడా మా శిష్యుడే!"

మగ్గాల మీదున్న వాళ్లు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, ఒప్పుకుంటాను. మాట అందంగానే ఉంది. కానీ అబద్ధం.

"పూర్తిగా వినండి స్వామీ. కిరణం పోయిందని తెలిశాక ఆ పట్టిక వాళ్లు కూర్చుని, విరామం తగ్గించిన కొత్త కొలతలు రాసుకున్నారు. కెర్నెల్ పాతవీ కొత్తవీ రెండూ ఉంచుకుని, తెర ఏది అడిగితే అది ఇస్తుంది. కారణం పోయిందని మీ పుస్తకంలో ఒక్క పంక్తి తగ్గించిన రోజు చెప్పండి."

సిద్ధాంతి హారతి పళ్లెం సర్దుకున్నాడు.

గడప బయటి నుంచి అమ్మాయి అంది: "సార్, మూడు దినాలుగా నేను తాకనే లేదు. బొమ్మ అట్లే సాగే ఉండాది. నేను గీసిన చదరం కొలిచి సూడండి."

తాను పోయేముందు అడ్డం నూరు, నిలువు నూరు చుక్కల చదరం ఒకటి గీసి దాచిందట. తెరిచి టేపు పెట్టి కొలిచాను. ఎత్తుకంటే వెడల్పు మూడో వంతు ఎక్కువ. ఈ పిల్ల ఒంటరిగా, ఎవరూ నమ్మకుండా, రుజువు తయారు చేసి పెట్టుకుంది. నేను చేసిందల్లా టేపు పట్టుకోవడం.

తెరను ఎత్తుకొచ్చి నైరుతిలో పెట్టె పక్కనే పెట్టాను. యజమాని వద్దు వద్దంటూనే ఒక చెయ్యి వేశాడు. పొడుగు తీగ పీకేసి తెర సొంత తీగ తగిలించి, "ఇప్పుడు ఈమె వచ్చి తాకాలి. నింద ఆమె చేతి మీద కదా, చెయ్యి లేకుండా పరీక్ష ఏముంది?" అన్నాను.

"ఈ పొద్దొద్దు సారూ, రేపు..." యజమాని ఇంకా నసుగుతుండగానే ఆమె గడప దాటింది. అడుగు ఎత్తి, చూసుకుని, మరీ దాటింది. వచ్చి తన కుర్చీలో కూర్చుని మీట నొక్కింది. కంప్యూటరు మళ్లీ లేచింది. చీటీ వచ్చింది. తెర తన అసలు వెడల్పుతో నిండింది. చదరం చదరమైంది. చీర బుటా తెరిస్తే తెర మీద కూడా, గుడ్డ మీద ఉన్నట్టే, కోడిగుడ్డు. ఆమె మళ్లీ పొడుగు తీగ పెట్టింది. మళ్లీ సాగింది. తీసింది. సరిపోయింది. రెండుసార్లు. ప్రతిసారీ తాకింది ఆమే.

సిద్ధాంతికి బస్సు టైమైంది.

యజమాని చాలాసేపు తీగను చేతిలో తిప్పి చూశాడు. "తీగదే తప్పు. సరే పాపా, నీ కుర్చీ నీదే." అంతటితో ఊరుకుంటే నేను ఇది రాసేవాణ్ణి కాదు. తలుపుకున్న క్యాలెండరు తీయబోతే నా చెయ్యి పట్టుకున్నాడు.

"అది ఉండనీలే సారూ. తీగ సంగతి తీగది, దీని సంగతి దీనిది. ఉంటే నష్టమేముండాది?"

వాదంలో ఓడినవాడు కోప్పడితే నాకు ఇబ్బంది లేదు. ఒప్పుకుని, తల ఊపి, రుజువును జేబులో వేసుకుని, అదే బురదలో మళ్లీ కూర్చునేవాణ్ణి చూస్తే రోత పుడుతుంది. ఎవరికి నష్టం? నెలకు ఇన్ని రోజుల కూలి పోయేది ఆయనది కాదు. తలుపు మీద పదిమంది చూడగా ఎర్ర సున్నా చుట్టాల్సింది ఆయన కాదు. గట్టిగా అరిచాను. ఆయన చిరునవ్వుతో మజ్జిగ తెప్పించాడు. తాగకుండా బస్సెక్కాను.

వారం తర్వాత ఆమె ఫోన్ చేసి, రమ్మంది. ఈసారి పోయేసరికి యజమాని తలుపు ముందు నిలబడి ఉన్నాడు. క్యాలెండరు మీద ఒకటో తేదీ నుంచి చివరి తేదీ దాకా అన్నిటికీ ఎర్ర సున్నాలు. కొన్ని గుండ్రంగా, కొన్ని వంకరగా. కండెలు చుట్టే ఇద్దరు ఆడవాళ్ల చేతులు కూడా అందులో ఉన్నాయి.

"ఏమ్మే ఇది? ఎవరు గీసినారు?"

"మేమేనన్నా," అంది లోపలి నుంచి అమ్మాయి. "నువ్వే గీయమంటివి. ఇప్పుడు యా దినం రావద్దో నువ్వే చెప్పు. ముగ్గురం ఇంట్లో కూసుంటాం."

కండెలు లేకపోతే మగ్గం ఆడదు. బుటా లేకపోతే అట్ట లేదు. ఆయన మగ్గాల వైపు చూశాడు, నా వైపు చూశాడు. మేకు నుంచి క్యాలెండరు ఊడబీకి చంకలో పెట్టుకుని పోయాడు. ఎర్ర పెన్సిలు దారంతో సహా నేల మీద ఈడ్చుకుంటూ పోయింది.

లోపలికి పోతే, పొట్టి తీగ నీలం మొనకు ఎవరో పసుపు దారం కట్టి, కుంకుమ పెట్టి ఉన్నారు. విప్పబోయాను.

"ఉండనీండి సార్. దానికి చీటీ బాగానే వస్తాంది," అంది ఆమె తల తిప్పకుండా. కొత్త చక్రం గీస్తోంది. ఈసారి గళ్లు లెక్కపెట్టుకుంటూ.