మా కోడి కంటి వైద్యం

మా కోడిని నాన్న కూర కోసమే తెచ్చాడు. ఊరి నుంచి పెదమామయ్య వస్తున్నాడని సంతలో కొని, కాళ్లు కట్టి స్కూటరు మీద పట్టుకొచ్చాడు. తీరా మామయ్య అయ్యప్ప మాల వేసుకుని రైలు దిగాడు. ఆయన ఉన్నన్నాళ్లూ ఇంట్లో ఉల్లిపాయ కూడా తరగలేదు. ఆయన వెళ్లేసరికి కోడి అమ్మ వెనకాలే వంటింట్లోకి నడిచి రావడం నేర్చేసుకుంది. ఇక దాన్ని కోద్దామని ఎవరూ నోరెత్తలేదు.

అప్పుడు మేం రాయపూర్‌లో, డబ్ల్యూఆర్ఎస్ కాలనీలోని రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్లం. నాన్నకి వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపులో పని. నేను డిగ్రీ చదువుతున్నాను. ఒక వానాకాలం పొద్దున, కోడి గింజల మీద కాకుండా పక్కన గచ్చు మీద పొడవడం అమ్మ చూసింది.

"ఓలమ్మో, దీని కన్ను ఏటైపోనాదో సూడండర్రా!"

కుడికన్ను ఉసిరికాయలా ఉబ్బి మూసుకుపోయింది. రెప్పల మధ్య నురగ.

నాన్న పేపరు దించలేదు. "రెండోది బాగానే ఉన్నాది కదేటి," అన్నాడు.

అమ్మ కోడిని సంచిలో పెట్టి ఆయన ముందుంచింది. నాన్న పేపరు మడిచి స్కూటరు తాళం తీశాడు.

ముందు పశువుల ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరు సెలవులో ఉన్నారట. అక్కడి కాంపౌండరు సంచిలోకి తొంగిచూసి, "పకా కే ఖా లో, భయ్యా," అని నవ్వాడు. నాన్న ముఖం ఎర్రబడింది. "వండుకు తినేయమంటాడేటి! ఏటి మనిషాడు!" అని బయటికొచ్చాక కూడా సణుగుతూనే ఉన్నాడు. కోడిని ఏ ఉద్దేశంతో తెచ్చాడో అప్పుడు గుర్తుచేస్తే బాగుండదని నేను నోరు మూసుకున్నాను.

ఆ రోషంలోనే తెలీబంధాలో కుక్కలకి వైద్యం చేసే పెద్ద క్లినిక్కుకి తీసుకెళ్లాడు. ఏసీ గది. ఒకావిడ ఒళ్లో దూదిపింజ లాంటి కుక్క. కౌంటరు దగ్గర అమ్మాయి, "పెట్ కా నామ్?" అని అడిగింది. మేం దానికి పేరేమీ పెట్టలేదు. కంగారులో నేను "కోడి" అనేశాను.

"కోడీ! కిత్‌నా ప్యారా నామ్ హై!" అని ముచ్చటపడి ఆ అమ్మాయి రాసుకుంటుండగా, సంచిలోంచి తల బయటికొచ్చింది.

"అంకుల్, యే తో ముర్గీ హై!"

"హా, ముర్గీ హీ హై," కోడేనని ఒప్పుకున్నాడు నాన్న, బుద్ధిగా.

కోడికైనా కుక్కకైనా ఫీజు ఒకటేనట. అదెంతో విన్నాక నాన్న, "ఆ డబ్బెడితే దీని వంశాన్నంతా కొనీవొచ్చు," అని నాకు తెలుగులో చెప్పి, ఆమెకి హిందీలో నమస్తే చెప్పి, సంచి ఎత్తుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి అమ్మ పక్క క్వార్టరు పిన్నిని పిలిచి ఉంచింది. ఏలూరు వైపు వాళ్లు. ఆసుపత్రిలో నర్సు. ఎంత గాయమైనా చెయ్యి వణక్కుండా కట్టు కట్టే మనిషి. ఆవిడకి కోళ్లంటే భయమని ఆ రోజే తెలిసింది. మా రెండిళ్ల మధ్య గోడకి అవతల స్టూలు వేసుకుని నిలబడింది.

"నీళ్లు మరిగించి ఉప్పేసి చల్లార్చండి వదినగారూ. గోరువెచ్చగా ఉండాలి. దూదితో తడుపుతూ ఉండండి. అమ్మో, దాన్ని నా వైపు తిప్పకండి!"

"తిప్పకుంటే దాని కన్ను నీకెలాగ కనపడతాది తల్లీ?" అంది అమ్మ.

నాన్న లుంగీలో కోడిని బిగించి చుట్టాం. తల ఒక్కటే పైకి, కొత్త పెళ్లికూతురిలా. "అది నా మంచి లుంగీ," అన్నాడు నాన్న. ఎవరూ వినిపించుకోలేదు. పూటపూటా తడపగా తడపగా రెప్పలు విచ్చుకున్నాయి. లోపల జున్నుముక్కలా గట్టిపడిన పసుపుపచ్చని చీము కనిపించింది. లాగొద్దు, నానితే అదే కదులుతుందంది పిన్ని. మర్నాటికి కదిలింది. కానీ తీయడానికి అమ్మకి ధైర్యం చాల్లేదు.

పిన్ని గోడ మీంచి కాసేపు చూసి, స్టూలు దిగి, గేటు తిరిగి మా ఇంట్లోకి వచ్చింది. చేతులు కడుక్కుంది. "ప్రభువా, దీని ముక్కు నాకు తగలకుండా చూడు," అని పైకే ప్రార్థన చేసి, దూది తీసుకుంది. ఆ తర్వాత ఆవిడ వేళ్లలో భయమన్నదే లేదు. చీముగడ్డ అలసందగింజంత ఉంది, మెల్లగా ఊడివచ్చింది. లోపల కన్ను ఎర్రగా, తడిగా, మా వైపే చూస్తోంది. అమ్మ ఏడ్చేసింది. కోడి తల విదిలించింది. ఉప్పునీళ్లు ముఖాన పడేసరికి పిన్ని కెవ్వుమని మంచం ఎక్కేసింది.

సెలవు నుంచి వచ్చిన పశువుల డాక్టరు కంట్లో పెట్టే మందు ట్యూబు ఇచ్చారు. మంచి పని చేశారన్నారు. ఆ మాట నాన్న వర్క్‌షాపంతా చెప్పుకున్నాడు. కన్ను మీద పల్చటి పొర మిగిలిపోయింది గానీ, గింజ గురి తప్పడం మానేసింది.

అంతకుముందు అమ్మా పిన్నీ కుళాయి దగ్గర నవ్వుకోవడమే తప్ప పెద్దగా మాట్లాడుకున్నది లేదు. ఆ తర్వాత పండరీ బజారుకి బట్టలు కొనడానికైనా కలిసే వెళ్లేవారు.

నెల తిరక్కుండా వెనక బస్తీ నుంచి ఒకామె మా కోడి సంగతి విని మేకని లాక్కుంటూ మా గుమ్మంలోకి వచ్చింది. "దీదీ, మోర్ ఛేరీ కే ఆంఖీ లా దేఖ్ దే న," అని బతిమాలింది. తన మేక కన్ను చూడమని. అమ్మ, పిన్ని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చూస్తే కంట్లో ఊక పడిందంతే. నీళ్లు పోస్తే పోయింది. సాయంత్రం ఆమె ఇంత ఎర్ర తోటకూర తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్లింది. మేం చూసుకునేలోపు సగం కోడే తినేసింది.