నా ఎడిటర్ మీద బావ పెత్తనం

మా అక్క మొగుడు నా కంప్యూటర్‌ని తన సొంతం అనుకోవడం ఎప్పుడు మొదలుపెట్టాడో నాకు తెలీదు. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి ఆయన మీద నా కోపం మాత్రం తగ్గలేదు. తగ్గించుకోవాలని నేను చూడనూ లేదు.

బొబ్బిలిలో మా ఆయనకి ఎరువుల కొట్టుంది. నేను ఇంట్లోనే, మేడ మీద గదిలో కూర్చుని విశాఖపట్నంలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి పని చేస్తాను. వాళ్ళు తయారుచేసే ప్రోగ్రాములు ఎలా వాడుకోవాలో వివరంగా రాయడం నా ఉద్యోగం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రాతే. ఆ రాత రాసుకునే ప్రోగ్రాం పేరు ఎడిటర్. తెచ్చుకున్నప్పుడు అందులో ఏమీ ఉండదు. స్పెల్లింగులు సరిచూసేదొకటి, ఫైళ్ళు వెతికేదొకటి, అలా ఎవరికి కావలసిన ప్యాకేజీలు వాళ్ళు తగిలించుకోవాలి. ఏవేవి కావాలో, ఎక్కడినుంచి తేవాలో ఒక సెట్టింగుల ఫైల్లో రాసిపెడితే, తెరిచినప్పుడల్లా అది చదువుకుని ఆ ప్రకారం నడుస్తుంది.

ఆ ఫైలు నాకు బావే ఇచ్చాడు. ఆయనకి విజయనగరంలో ఇల్లు, మంచి ఉద్యోగం. నలుగురు కూర్చున్న చోట మాట్లాడేది ఆయనొక్కడే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అక్కతో కలిసి మా ఇంటికొచ్చి, భోజనాలవగానే మేడెక్కి, తను వాడుకునే ఫైలు తెచ్చి నా కంప్యూటర్లో వేసేశాడు.

"ఇందల నువ్వేటీ ముట్టుకోకు. అన్నీ నేను సూసుకుంటాను. నువ్వు రాసుకో," అన్నాడు.

నాకు మొదట్లో అది బాగానే ఉంది. తర్వాత ఇబ్బందులు మొదలయ్యాయి. ఎడిటర్ తెరుచుకునేలోపు కిందకి దిగి టీ పెట్టుకుని రావచ్చు. వర్షానికి నెట్ పోయిందంటే సగంలో ఆగిపోయి ఎర్ర అక్షరాలతో ఏదో చెప్పేది. నాకు కళ్ళజోడొచ్చాక అక్షరాలు పెద్దవి చేసుకున్నాను. మర్నాడు తెరిచేసరికి మళ్ళీ చిన్నవైపోయాయి. మళ్ళీ పెంచాను, మళ్ళీ తగ్గాయి. బావకి ఫోన్ చేసి అడిగాను.

"సేవ్ సెయ్యడం మర్సిపోయుంటావు. నీ ధ్యాసంతా పొయ్యి మీద కూర మీదుంటాది గదా," అని నవ్వాడు.

మరదల్ని ఎంత ఆట పట్టించినా తప్పు లేదని మా వైపు అందరి లెక్క. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాను. నేను మర్చిపోలేదని నాకు తెలుసు. అయినా మర్చిపోయానేమో అనే అనుమానం ఆయన నాలో పెట్టేశాడు. ఆ తర్వాత ఏం చేసినా రెండుసార్లు సేవ్ చేసుకుంటూ, చిన్న అక్షరాల మీద కళ్ళు చిట్లించుకుంటూ పని చేశాను.

పోయిన ఏడాది ఇంకోటి మొదలైంది. నేను వాక్యం సగం రాయగానే మిగతా సగం బూడిదరంగులో దానంతటదే వచ్చి కూర్చునేది. నేను రాయబోయేది ఒకటి, అది చూపించేది ఇంకొకటి. ఈగ తోలినట్టు దాన్ని తోలుకుంటూ రాయాల్సి వచ్చేది. ఎడిటర్లోనే కొత్తగా వచ్చిన సదుపాయం కాబోలనుకుని సహించాను.

ఒకరోజు ఆఫీసులో నా పైనున్నావిడ ఫోన్ చేసింది.

"మీ సిస్టమ్ నుంచి మన డాక్యుమెంట్లు బయటి సర్వర్‌కి వెళ్తున్నాయి. ఇంకా విడుదల కాని ప్రోగ్రాం అది. మీరేం ఇన్‌స్టాల్ చేశారు?"

"నేనేమీ చెయ్యలేదండీ."

"చెయ్యకుండా ఎలా వస్తుందమ్మా?"

ఆవిడ గొంతులో కోపం కూడా లేదు. అబద్ధమాడే మనిషితో మాట్లాడే తీరు అది. సంగతి తేలేదాకా నా లాగిన్ ఆపేస్తున్నామంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాతో ఎవరూ అలా మాట్లాడింది లేదు. బూడిదరంగు మాటలు గుర్తొచ్చి వెంటనే బావకి ఫోన్ చేశాను. ఆయన అక్కతో కలిసి శ్రీకూర్మం గుళ్ళో ఉన్నాడు. వెనకాల జనం గోల వినిపిస్తోంది.

"అదా, ఏఐది. నువ్వు రాసీది దాని సర్వర్‌కి పంపుకుని మిగతాది అదే రాస్తాది. ఈమధ్యనే పెట్టుకున్నాను నా దాన్లో. బాగుంటాది," అన్నాడు.

"నీ దాన్లో పెట్టుకుంటే నా దాన్లోకెలగొచ్చింది బావా?"

"నేనేటి మార్సినా నీకూ వచ్చీలాగ పెట్టేను మొదట్లోనే. నీ మంచికే."

"నాకెందుకు సెప్పలేదు?"

"సెప్తే నీకర్థమవుతాదేటి?"

నేను ఫోన్ కట్ చేశాను.

అప్పుడు కూర్చుని ఆ ఫైలు మొదటి లైను నుంచి చదివాను. నాకు అర్థమవుతుందో లేదో ముందు అది చూద్దామనుకున్నాను. అర్థమైంది. ఎడిటర్ తెరిచిన ప్రతిసారీ బావ ఫైళ్ళు దాచుకునే చోటికి పోయి, కొత్త కాపీ తెచ్చి, నా దాని మీద పరిచెయ్యమని అందులో ఒక లైనుంది. నేను పెంచుకున్న అక్షరాలు తగ్గిపోయింది అందుకే. ఇన్నాళ్ళూ నా మతిమరుపని నవ్వినవాడికి ఆ సంగతి తెలియకపోవడమేం? కావాలని దాచాడో, ఆలోచించనే లేదో నాకిప్పటికీ తెలీదు. రెంటిలో ఏదైనా నా కోపం అంతే ఉండేది.

చదివేకొద్దీ ఒళ్ళు మండింది. ఆయన ఆఫీసు ఫోల్డర్ల దారులున్నాయి. నేను జన్మలో రాయని ప్రోగ్రామింగ్ భాషలకి ప్యాకేజీలున్నాయి. ప్యాకేజీలని తెచ్చిపెట్టే మేనేజర్ ఒకటుంది. దాన్ని తేవడానికి ఇంకొకటి, ఆ రెంటినీ కనిపెట్టుకుని ఉండడానికి మరొకటి. ఏది దేనిమీద ఆధారపడిందో రాసినవాడు కూడా చెప్పలేడు.

ఎడిటర్‌తో పాటే దాని మాన్యువల్ వస్తుంది. పని లేకుండా కూర్చున్న ఆ రోజుల్లో దాన్ని చదివాను. మాన్యువల్సు రాసి బతికేదాన్ని, నేను వాడేదాని మాన్యువల్ అదే మొదటిసారి చదవడం. ప్యాకేజీలు తేవడానికి బయటి మేనేజర్లేవీ అక్కర్లేదని, ఆ పని చేసేది ఎడిటర్లోనే ఉందని అందులో శుభ్రంగా రాసుంది.

బావ ఫైలు తీసి పారేశాను. ఖాళీ ఫైలుతో మొదలుపెట్టాను. ఏది లేకపోతే నా పని ఆగుతుందో అదే పెట్టుకున్నాను. అన్నీ ఒక్క చోటునుంచే తెచ్చుకున్నాను. ఏ ప్యాకేజీ ఏ వెర్షనో పక్కనే రాసి, నేను చెప్పేదాకా మారకుండా కట్టేశాను. ప్రతిదానికీ అది ఎందుకుందో తెలుగులో ఒక ముక్క రాసుకున్నాను. అంతా కలిపి స్క్రీన్ కిందకి జరపక్కర్లేకుండా కనిపించేంతే అయింది. మళ్ళీ తెరిస్తే నొక్కగానే తెరుచుకుంది. సంతోషమేసిందని చెప్పలేను. కసి తీరినట్టుంది.

ఆ కసిలో ఇంకో పని కూడా చేశాను. పక్కపక్కన ఒకే మాట రెండుసార్లు పడితే రంగు మార్చి చూపించే చిన్న ముక్క ఒకటి ఆయన ఫైల్లో ఉండేది. స్వయంగా రాసుకున్నాడు, బాగా రాశాడు. అది ఉంచుకుంటే నాకు పనికొచ్చేది. ఉంచుకోలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడు నా రాతలో అలాంటి తప్పు దొర్లి, ఆఫీసువాళ్ళు పట్టుకుంటారు.

జరిగింది జరిగినట్టు ఆఫీసుకి చెప్పాను. లాగిన్ తిరిగిచ్చారు, ఇంకోసారి ఇలాంటిది జరగకూడదని హెచ్చరించి మరీ.

ఆ తర్వాత మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకుంటే అక్కా బావా వచ్చారు. భోజనాలయ్యాయి. చుట్టాలంతా హాల్లో ఉన్నారు. బావ లేచి మేడ మెట్లవైపు నడిచాడు. నేను వెళ్ళి మెట్ల దగ్గర నిలబడ్డాను.

"ఎక్కడికి బావా?"

"నీ కంప్యూటర్ నా దాంతో కలవడం మానేసినాది. ఏటైందో సూస్తాను."

"సూడక్కర్లేదు. నేనే తీసేసేను."

"తీసేసేవా?" ఆయన హాల్లో వాళ్ళవైపు తిరిగి నవ్వాడు. "నెల్లాళ్ళు పోనీ, నా దగ్గరికే వస్తాది."

"రాను."

"అంత గొప్పదానివైపోయేవేటే?"

"గొప్పేటి లేదు. ఉద్యోగం పోతే పోయీది నాది. ఏటైందని ఒక్కసారి ఫోన్ సేసి అడిగేవా?"

"సాయం సేసినోడికి ఇదా మర్యాద?"

"అడక్కుండా నా ఇంట్లోకి దూరీదాన్ని సాయమంటారేటి?"

మా ఆయన వెనకనుంచి వచ్చి, "ఊరుకో, అందరూ వింటన్నారు," అన్నాడు.

"విననీ," అన్నాను.

బావ ముఖం ఎర్రబడింది. అక్కని కేకేసి, "నడు," అన్నాడు. వంటగదిలో గిన్నెలు సర్దుతున్న అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మా ఆయన ప్రసాదం పొట్లం చేతిలో పెట్టబోతే బావ తీసుకోలేదు.

మర్నాడు అక్క ఫోన్ చేసింది. "ఒక్క సారీ సెప్తే పోయీది గదే."

"నేనెందుకు సెప్పాలి?"

"నీకు కోపమొస్తే మేడెక్కి తలుపేసుకుంటావు. నేనెక్కడికి పోయి ఏసుకోను?"

ఆ ఇంట్లో రోజూ ఆయన ముఖం చూడాల్సింది తనేనని నాకు తెలుసు. అయినా సారీ చెప్పలేదు. అక్క ఇప్పుడు మా ఇంటికి ఒక్కతే బస్సులో వస్తుంది. బావ మాట తనూ ఎత్తదు, నేనూ ఎత్తను. ఇదివరకు ఉన్నంతసేపు ఉండడం లేదు.

ఈమధ్య శ్రీకాకుళంలో దగ్గరి చుట్టాల పెళ్ళిలో భోజనాల బంతిలో బావ నా పక్క కుర్చీలో కూర్చోవలసి వచ్చింది. లేచి ఇంకోచోటికి పోతే బాగోదని ఇద్దరం ఉండిపోయాం. పప్పు వడ్డించారు.

"ఏటి, నడస్తన్నాదా?" అన్నాడు ఆకు వంకే చూస్తూ.

"నడస్తన్నాది."

"ఆ లోపలుండీ ప్యాకేజీ మేనేజర్ పాతదే. నా దగ్గర కొత్తదొకటున్నాది, సాయంత్రం పంపిస్తాను. మొత్తం అదే..."

పాయసం వడ్డించేవాళ్ళు ఇంకా మా వరసలోకి రాలేదు. నేను కుర్చీ వెనక్కి జరుపుకుని, చెయ్యి కడుక్కోడానికి లేచిపోయాను.