నా తట్టు చూడాకండి

ప్రొద్దుటూరులో మా తమ్ముని కూతురి పెండ్లికి ఫొటోలు తీయడానికి వచ్చినాయన నోట ఆ రోజంతా ఒకటే మాట: "నా తట్టు చూడాకండి." మనం కెమెరాను చూడకపోతేనే ఫొటో సహజంగా వస్తుందని ఆయన నమ్మకం.

జమ్మలమడుగు నుంచి వచ్చిన మా అక్కకు ఆ పెండ్లిలో ఒకే కోరిక. తోడబుట్టిన ముగ్గురం కలిసి దిగిన ఫొటో ఒక్కటీ లేదు. ఆమె ఆరోగ్యం చూస్తే మళ్లీ ప్రయాణం చేసేలా లేదు. అందుకని ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, చెరో పక్క నేనూ తమ్ముడూ నిటారుగా నిలబడ్డాము.

"అవ్వా, ఆ పక్క చూసి నవ్వు."

"ఆడ తాంబూలాల సంచులు కడతాండారు. వాటిని చూసి నేనెందుకు నవ్వాలప్పా?"

"అయితే మీ పాటికి మీరు మాట్లాడుకుంటా ఉండండి."

"మాట్లాడుకునేదానికి కాదు, ఫొటో దిగేదానికి వచ్చినాం."

మేము ఆయన్ను పిలిచినప్పుడల్లా ఇదే తంతు. చివరికి మమ్మల్ని అట్లాగే వదిలేసి, పెండ్లికూతురి చెప్పులను ఫొటో తీయడానికి బయల్దేరాడు. ముగ్గురికీ ఒకేసారి ఒళ్లు మండి కేకలేశాము. ఆయన వెనక్కి తిరిగి, తిట్లు వింటూనే కెమెరా నొక్కి, "శానా బాగొచ్చింది మామా" అని వెళ్లిపోయాడు.

పెండ్లి పెట్టుకున్న పిల్లలకు నేను చెప్పేది ఒకటే. పెద్దవాళ్లను ఒకసారి వరుసగా నిలబెట్టి తీయమని ముందే మాట తీసుకోండి.

ఆ ఫొటో ఇప్పుడు అక్క ఇంట్లో గోడ మీద ఉంది. ముగ్గురమూ నోళ్లు తెరిచి, వేళ్లు చూపిస్తూ, నేరుగా కెమెరా వైపే చూస్తున్నాము. ఎవరిని తిడతాండారని వచ్చినవాళ్లు అడిగితే, "తీసినోన్నే" అంటుంది అక్క.