సిటిజన్‌షిప్ క్లాసు అంకుల్

పక్కింటి అంకుల్ పోయారని వాళ్లమ్మాయి ఫోన్ చేసినప్పుడు ఆఫీసు పార్కింగ్‌లో ఉన్నాను. గుండెపోటట. కారు దిగలేక, ఇంటికి తిరిగి వెళ్లలేక స్టీరింగ్ పట్టుకుని కూర్చుండిపోయాను. వారం గడిచింది. ఇంకా ఏ పని మీదా మనసు నిలవడం లేదు.

టెక్సస్‌లోని ఈ కాపెల్‌లో మాకందరికీ ఆయన సిటిజన్‌షిప్ క్లాసు అంకుల్. రిటైరైన ఇంజనీరు. శనివారాలు లైబ్రరీ గదిలో మమ్మల్ని అమెరికా పౌరసత్వ పరీక్షకు తయారుచేసేవారు. దేశంలో అన్నిటికన్నా పెద్ద కోర్టు ఏదంటే ‘సుప్రీంకోర్టు’ అని చెబితే చాలు. ఆయన అంతటితో ఊరుకునేవారు కాదు. ఆ కోర్టు ఉండాలని రాజ్యాంగంలో ఉందే గాని జడ్జీలు ఎందరో లేదనీ, మొదట్లో ఆరుగురేననీ, వాళ్లు గుర్రాల మీదా బండ్లలోనూ ఊరూరా తిరిగి కేసులు వినేవారనీ చెప్పేవారు. చట్టాన్ని కొట్టేసే అధికారం ఎవరూ రాసివ్వలేదట. ఒక కేసులో తీర్పు చెబుతూ, అది తనకుందని కోర్టే ప్రకటించుకుందట.

“అసలైన పవర్ ఏంటో తెలుసామ్మా? తన పాత తీర్పు తప్పని తనే ఒప్పుకోగలదు” అనేవారు.

అలా చెప్పే మనిషి అప్పటికి నాలుగేళ్లుగా కూతురితో మాట్లాడలేదు. ఆమె ఆస్టిన్‌లో మరో అమ్మాయితో కలిసి ఉంటోంది.

2015 జూన్‌లో అలాంటి జంటల పెళ్లిళ్లు దేశమంతటా చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పొచ్చింది. అన్ని పేజీలూ ప్రింట్ తీసుకుని మా ఇంటికొచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు.

“ఐదుగురు జడ్జీలు సరేనన్నారు, నలుగురు కాదన్నారు. ఆ నలుగురు రాసిందంతా నా మాటల్లానే ఉందమ్మా.”

“మరేం చేస్తారు అంకుల్?”

వంటింటికీ వాకిలికీ మధ్య రెండుసార్లు తిరిగారు. “అవే మాటలు అమ్మాయి ఎదురుగా ఉందనుకుని పైకి చదవగలనా అని ట్రై చేశా. నోరు పెగల్లేదు. ఫోన్ నువ్వు కలుపుతావా?”

కలిపాను. “నేనమ్మా, నాన్నని” అన్నారు. చీకటి పడేదాకా ఇద్దరూ ఫోన్ పెట్టేయలేదు.

జులైలో కూతురి పెళ్లికి ఆయన్ని ఆస్టిన్‌కి నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్లాను. అక్కడ కోర్టు కారిడార్‌లో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూనే ఉన్నారు. కూతురు తలుపు తీసి, “నాన్నా, స్టార్ట్ చేస్తున్నారు, ప్లీజ్” అంది. క్షణం ఆగి, లోపలికి వెళ్లారు.

ప్రమాణాలయ్యాక చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పారు. అక్షింతలు. ఎవరినీ అడగకుండా ఇద్దరి మీదా వేశారు. సగం పక్కకు పడ్డాయి. జడ్జిగారి నల్లగౌను మడతల్లో పసుపు గింజలు చిక్కుకున్నాయి. ఆవిడ వాటిని దులుపుకోలేదు.