ముంబై మ్యాచ్, మడకశిర మంద

నేను ప్లాను వేస్తే తిరుగుండదు. ఈ మాట మా ఇంట్లో అందరూ ఒప్పుకుంటారు. కొందరు నిజం కాబట్టి, కొందరు నేను అరుస్తానని. బెంగళూరులో పెళ్లికి పోయినా, తిరుపతికి పోయినా ఏ బస్సు, ఎన్నింటికి, ఎక్కడ దిగాలి, దిగాక ఎటు నడవాలి, అన్నీ నా ఫోన్లోంచే రావాలి. కాబట్టి పదిహేడేళ్లలోపు ఆడపిల్లల ఫుట్‌బాల్ ప్రపంచ కప్ మన దేశంలోనే జరుగుతుందని, కొన్ని మ్యాచ్‌లు నవీ ముంబైలో పెడుతున్నారని తెలిసిన రోజే అనంతపురం నుంచి రైలు టైములు తీసేశాను. ఎవరినీ అడగలేదు. అడిగేది తర్వాత.

ఆ మ్యాచ్ చూడాల్సింది మా మరదలు. మామ కూతురు, పదిహేనేళ్ల పిల్ల. మడకశిర దగ్గర పల్లె వాళ్లది. మామకు గొర్రెల మంద ఉంది. మందలోంచి తప్పించుకునే గొర్రెపిల్లను పరిగెత్తి, పక్కకు దూకి కాలు దొరకబుచ్చుకోవడం ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ అలవాటు. అది చూసే వాళ్ల బడిలో ఆటల సారు ఆమెను గోల్ దగ్గర నిలబెట్టాడు. అప్పటి నుంచి సెలవులకు మా ఇంటికి వస్తే నా ఫోన్ నాకు దక్కదు. గోల్‌కీపర్ల, అదే గోలీల, వీడియోలు పెట్టుకుని మంచం మీద బోర్లా పడుకుంటుంది.

ఒకరోజు వీడియో మధ్యలో ఆపి అడిగింది.

"వదినా, బాల్ అవతల పక్క ఉన్నెప్పుడు గోలీ ఏం జేస్తాంటాది?"

"ఏం జేస్తాది? నిలబడుకోనుంటాది."

"నువ్వు చూసినావా?"

చూడలేదు. ఎవరు చూపిస్తారు? కెమెరా ఎప్పుడూ బంతి వెంటే పోతుంది. బంతి ఇటు వస్తేనే గోలీ కనబడుతుంది.

"మా సారు నన్ను మొద్దు మాదిరి నిలబడుకున్నావంటాడు. మరి ఎట్ల నిలబడల్లో చెప్పు సారూ అంటే ఆయప్పకూ తెల్దు. వచ్చే నెల జిల్లా సెలక్షనుండాది. ఆడ గూడా మొద్దు మాదిరే నిలబడల్లేమో."

ఈ పిల్ల స్టేడియంలో గోల్ వెనక కూర్చోవాలి, బంతిని వదిలేసి గోలీనే చూడాలి, సెలక్షన్‌కు ముందే చూడాలి అని అప్పుడే అనుకున్నాను. వెంటనే మామకు ఫోన్ కొట్టాను.

"మామా, పాపను ముంబైకి పిల్చుకపోతా. నాలుగు దినాలు. ఎప్పుడు ఖాళీ?"

"శనక్కాయ పీకి, ఊర్లో ఆసామి చేన్లో మంద కట్టేది అయిపోతే ఖాళీనే."

"అదే, ఎప్పుడు?"

"దసరా పోయిన వారానికి అయిపోతాదిలే."

"అయితే పంపిస్తావా?"

"ఊ."

మంద కట్టడమంటే, పంట తీసిన చేలో గొర్రెలను కొన్ని రాత్రులు వలల మధ్య నిలపడం. ఎరువు పడి నేలకు బలం వస్తుంది. చేనుగల ఆసామి ముందే మాట తీసుకుంటాడు. మామ చెప్పింది పంట లెక్క. నేను దాన్ని తేదీ చేసేసుకుని ఫోన్లో గుర్తు పెట్టుకున్నాను. టౌనులో పెరిగిన నాకు దసరా అంటే క్యాలెండర్లో ఒక గడి, అంతే.

ఇక ప్లాను చూడాలి మీరు. ఇద్దరు ఆడపిల్లలను ఒంటిగా పంపడానికి నాయన ఒప్పుకోడు కాబట్టి అమ్మ మాతో వస్తుంది. "మ్యాచ్ మీరు సూసుకోండి, నాకు సముద్రం సూపియ్యండి, సాలు" అని అమ్మ షరతు. మూడు బెర్తులు. కళ్యాణ్‌లో దిగాలి, అక్కడి నుంచి ఠాణేకి లోకల్, ఠాణే నుంచి ఇంకో లోకల్. మ్యాచ్ సాయంత్రం నాలుగున్నరకు. సీట్లు గోల్ వెనకే తీసుకున్నాను. విరామం తర్వాత జట్లు వైపులు మార్చుకుంటాయి కాబట్టి సగం ఆట ఒక గోలీ, మిగతా సగం ఇంకో గోలీ దగ్గరగా కనబడతారు. ఉండడానికి హోటల్ వెతుకుతుంటే మా వీధిలో దర్జీ అన్న మిషను ఆపి మరీ తిట్టాడు.

"హోటల్ గీటల్ ఏందమ్మా? మా అక్క ఆడ్నే కాపురముండాది. నువ్వు హోటల్లో దిగినావని తెలిస్తే నన్ను రంజానుకు ఇంట్లోకి రానీదు."

ఆ అక్క నంబరు, ఇంటి లొకేషను, దిగాల్సిన స్టేషను అన్నీ ఒక్క చోట పెట్టి అందరికీ పంపాను. రెండు ఫోన్లలో బ్యాటరీ అయిపోతే పనికొస్తుందని కాగితం మీద కూడా రాశాను. ఇంతకంటే ఎవరు చేస్తారు?

దసరా పోయాక వాన పట్టుకుంది. మా అనంతపురంలో వాన పడితే ఎవరూ తిట్టరు. మొదటి రోజు నేనూ తిట్టలేదు. పకోడీల ఫొటో తీసి స్టేటస్ పెట్టాను. నాలుగో రోజూ పడుతుంటే ఏదో అనుమానమొచ్చింది. ఐదో రోజు మరదలు ఫోన్ చేసింది.

"వదినా, నేను రాను."

"ఏమైందే?"

"శనక్కాయ ఇంగా చేన్లోనే ఉండాది. రేపో ఎల్లుండో పీకుతారంట. మంద బేస్తారం నుంచి కట్టల్ల."

బేస్తవారం మా రైలు.

"మామ, అత్త చూసుకుంటారు గదా?"

"అమ్మ యాడుండాది? చిన్నమ్మ కానుపుకని పోయింది గదా. నాయన ఒక్కడే ఎట్ల తిప్పుతాడు? పక్కన కంది నిలబడుకోనుండాది. ముందొకరు, వెనకొకరు లేకుంటే మంద అంతా దాంట్లోనే. పోనీలే వదినా. నువ్వు చూసొచ్చి చెప్పు."

ఆ "చూసొచ్చి చెప్పు" అన్న మాటకు నాకు తల తిరిగిపోయింది. పొద్దున్నే మడకశిర బస్సెక్కాను. దారి పొడుగునా ఫోన్లో వెతుకుతూనే ఉన్నాను. ఫోన్లో ప్లంబరు దొరుకుతాడు, పెళ్లికి డోలు కొట్టేవాళ్లు దొరుకుతారు, నాలుగు రోజులకు గొర్రెలు మలిపే మనిషి మాత్రం దొరకలేదు.

మామ చేను గట్టు మీదే దొరికాడు. నేను బస్సు దిగినప్పటి కోపాన్ని దించకుండానే అక్కడిదాకా మోసుకుపోయాను.

"నాకు మాటిచ్చినావా లేదా మామా?"

"నీకు ఊ అన్నా. చేను ఆయప్పకు మాటిచ్చినా."

"రెండిటికీ ఏం తేడా?"

"నీకు తెల్దులే."

"తెల్దా? టికెట్లు తీసినా, సీట్లు తీసినా, ముంబైలో ఇల్లు మాట్లాడినా! నీ కూతురికి వచ్చే నెల సెలక్షనని తెలుసా నీకు? ఆ పిల్ల నీ గొర్రెల కోసమే పుట్టిందనుకున్నావా?"

మామ తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. వెనక నుంచి ఇంకో గొంతు వినిపించింది.

"ఎవురప్పా ఈ పాప, బస్సు హారన్ మాదిరి మోగుతాండాది?"

ఆయనే ఆసామి. ముసలాయన. భుజం మీద తువ్వాలు, చేతిలో తడిసిన శనక్కాయ చెట్టు.

"మా అక్క కూతురు సామీ. అనంతపురం" అన్నాడు మామ, అదొక జబ్బు పేరైనట్టు.

నేను ఆయన మీదికి తిరిగాను. "పెద్దాయనా, నువ్వు పది దినాలు ఆగి మంద కట్టించుకుంటే ఏం పోతాది?"

"ఏం పోతాదా? తేమ పోతాది. ఇప్పుడు మంద పడితే దున్ని ఉలవలు సల్లుకుంటా. పది దినాలైతే ఈ నేల బండ. మీ ఆట మళ్ల వస్తాది పాపా, ఈ తేమ రాదు."

"ఆట కూడా రాదు! ప్రపంచ కప్పు ప్రతి ఏడూ మన దేశానికొస్తాదా? నీకు వానెంతో ఆ పిల్లకు ఇదంతే."

అరిచేసి ఆగాను. ఆయన కోప్పడతాడనుకున్నాను. చెట్టుకున్న మట్టి దులుపుతూ ఆలోచించాడు.

"ఇప్పుడు తక్కువైంది మనిషే గదా?"

"అవును."

"నువ్వుండు."

"నేనా?"

"ఏం, కాళ్లు లేవా? ఆ పాప గోలీ అంట గదా. నాలుగు దినాలు నా కందికి నువ్వు గోలీ. ఒక్కటి గూడా లోపలికి పోకూడదు."

మామ తలగుడ్డ కొస అడ్డం పెట్టుకుని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

"ఉంటా. ఉండలేననుకున్నావా?"

"సుమ్మనే వట్టి మాటలొద్దు పాపా" అన్నాడు మామ, నవ్వు ఆపుకుని. "వాటికి నువ్వు తెల్దు."

"తెలుసుకుంటాయిలే."

కోపంలో అన్నదే. అయినా కోపంలో ఒప్పుకున్న పనిని నేనెప్పుడూ వెనక్కి తీసుకోలేదు. బస్సు కోసం నిలబడి నా ఒక్క బెర్తు రద్దు చేసేటప్పుడు మాత్రం వేలు కాసేపు తెర మీదే ఆగింది. ఆ మ్యాచ్ చూడాలని నాకూ ఉండింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

మరదలు ఒప్పుకోవడానికి ఒక పూట పట్టింది. "అత్తకు హిందీ రాదు, నాకు రాదు, ఎట్ల పోతాం?" అంది. "గోలీని చూసేకి హిందీ ఎందుకే? దావలో నేను ఫోన్లో ఉంటా" అన్నాను. బేస్తవారం వాళ్లిద్దరినీ రైలెక్కించి, నేను బస్సెక్కి పల్లెకు పోయాను.

మొదటి రోజు మామ చెప్పింది నిజమే. గొర్రెలకు నేను తెలియదు. మామ నాలుకతో చేసే చప్పుడు నేను చేస్తే ఒక్కటీ తల ఎత్తలేదు. నేను మందకూ కందికీ మధ్యలో గట్టు మీద కర్ర పట్టుకుని నిటారుగా నిలబడ్డాను. మంద దూరంగా మేస్తోంది కదా అని కాస్త తీరిగ్గానే ఉన్నాను. ఆ గట్టు మీద ఫోన్ మోగుతుంది గానీ మాట వినబడదు. చేను చివర ఒక పెద్ద రాతిగుండు ఉంది, దాని మీదకెక్కితే రెండు గీతలు వస్తాయి.

రెండో రోజు వాళ్లు కళ్యాణ్‌లో దిగే వేళకు గుండు ఎక్కాను. ఫోన్ అమ్మ ఎత్తింది.

"ఏమ్మే, ఈడ జనం శనక్కాయలు కుప్ప పోసినట్లుండారు. యాడికి పోవల్ల?"

"మెట్లెక్కు మా. పైన బోర్డు చూడు. ఠాణే అని ఉంటాది."

"హిందీలో ఉండాది."

"కింద ఇంగ్లీషులో ఉంటాది, దానికియ్యి ఫోన్."

మరదలు చదువుతోంది, నేను ఎడమకు, కుడికి అంటున్నాను. లోకల్ వచ్చిన చప్పుడు వినిపించింది. "ఎక్కండి, ఎక్కండి!" అని నేను గుండు మీద నిలబడి అరుస్తుంటే, కింద నుంచి ఇంకో అరుపు.

"గోలీ! ఓ గోలీ! గోల్ పడింది సూడు!"

ఆసామి రెండు చేతులూ ఎత్తి చూపిస్తున్నాడు. ఏడెనిమిది గొర్రెలు కందిలో ఉన్నాయి. గుండు మీద నుంచి దూకాను. మోకాలు గీసుకుపోయింది. మామ అటు నుంచి, నేను ఇటు నుంచి తరిమి బయట వేసేసరికి రెండు సాళ్లు కొస కొరికేసి ఉన్నాయి. ఆసామి తిట్టలేదు. "ముంబై చేరినారా?" అని మాత్రం అడిగాడు. అది తిట్టు కంటే ఎక్కువ తగిలింది.

మళ్లీ గుండెక్కి చూస్తే లోకల్లో కూర్చున్న ఫొటో వచ్చి ఉంది. దర్జీ అన్న వాళ్ల అక్క స్టేషనుకే వస్తుందని వాయిస్ పెట్టింది. నేను ఒక్క మెసేజ్ రాశాను: ఇక నాకు ఫోన్ చేయొద్దు, మ్యాచ్‌లో వీడియోలు తీయొద్దు, అయిపోయాకే చేయండి. ఫోన్ మామ చేతికిచ్చేశాను. నా బుద్ధి తెలిసిన మనిషి కాబట్టి, ఆయన దాన్ని అన్నం మూటలో పెట్టి ముడి వేశాడు.

మూడో రోజు మ్యాచ్. మధ్యాహ్నం దాటాక నాకు కాలు నిలవలేదు. లోపలికి పోయారో లేదో. గేటు దొరికిందో లేదో. మంద చేనుకు ఆ చివర మేస్తోంది. అది కుడికి జరిగితే నేను గట్టు మీద కుడికి నడిచాను. దూరం పోతే నాలుగడుగులు ముందుకు పోయాను, ఇటు తిరిగితే వెనక్కి వచ్చాను. మందను నడిపే పెద్ద పొట్టేలు ఏ వైపు తల ఎత్తుతుందో చూస్తూ ఉంటే ముంబై కొంచెం మరుపుకొచ్చింది. ఆ రోజు ఒక్కటీ కందిలోకి పోలేదు. ఆసామి గట్టున కూర్చుని వలకు చిల్లులు కుడుతూ, "నేర్సుకున్నావే" అన్నాడు.

పొద్దు వాలాక మూటలో ఫోన్ మోగింది. మామ ముడి విప్పేలోపు లాక్కుని గుండు మీదికి పరిగెత్తాను. మామ నా వెనకే ఎక్కాడు.

"వదినా! నిలబడదు వదినా!"

"ఎవురే?"

"గోలీ! ఒక్క నిమిషం గూడా నిలబడదు. బాల్ అవతలికి పోతే ముందుకు నడుస్తాది, ఇటొస్తే ఎనక్కొస్తాది, కుడికి పోతే కుడికి. అరుస్తానే ఉంటాది, ముందరోళ్లకు చెప్తానే ఉంటాది. బాల్ ఒచ్చేలోపే ఆడుంటాది. నేను ఇన్నాళ్లూ తప్పు జేసినా వదినా. ఒచ్చినాక దూకుతాంటి."

ఊపిరి తీసుకోకుండా చెబుతోంది. రెండో సగంలో ఇంకో దేశం గోలీ ఎంత ముందుకు వచ్చి నిలబడిందో, ఒకసారి ఎలా మోసపోయిందో కూడా చెప్పింది. గోల్స్ ఎన్నని అడిగితే తడుముకుంది. బంతిని చూడలేదట.

మామ చెయ్యి చాచాడు. ఫోనిచ్చాను. ఆయన చాలాసేపు విన్నాడు. తర్వాత ఒక్కటే అడిగాడు.

"ఆ పాప నీకంటే పొడుగా?"

"నా అంతే నాయనా. ఇంగా కురచే."

ఫోన్ నాకిచ్చి దిగిపోయాడు. కింద ఆసామి వల పరుస్తున్నాడు. మామ వెళ్లి రెండో కొస పట్టుకుని గుంజకు కట్టాడు. కట్టినాక నడుము నిలబెట్టి అన్నాడు.

"సామీ, వచ్చే నెల పాపకు సెలక్షనుండాది. ఆ దినం నేను ఎవురి చేన్లోనూ మంద కట్టను. వాన పడనీ, ఎండ కాయనీ. ఇప్పుడే చెప్తాండా."

"మాటనా?" అన్నాడు ఆసామి.

"మాటే."

"ఏ దినం?"

మామ గుండు మీద ఉన్న నా వైపు తలెత్తి చూశాడు. తేదీ చెప్పాను, ఇద్దరికీ వినబడేలా.