వంద తర్వాత అయిదు కట్టలు

జంపక్కకు చిన్నప్పటి నుంచీ అంకెలు కలలోకి వచ్చేవి. పరీక్ష ముందురోజు మనందరినీ తరిమే అంకెల్లాంటివి కావవి. అడవి బాటన ఆడవాళ్లు వరసగా నడిచి వస్తుంటారు, ఒక్కొక్కరి నెత్తిన ఒక తునికాకు కట్ట. జంపక్క లెక్కపెడుతుంటుంది. వందమందిని ఎవరో పేరుపెట్టి లోపలికి పిలుస్తారు. వెనకాల వచ్చే అయిదుగురిని ఎవరూ పిలవరు. వాళ్లు కట్టలు దించేసి, ఉత్త చేతులతో చెట్ల నీడలో కలిసిపోతారు.

ఆ అయిదుగురు ఎవరో ఆమెకు తెలుసు. ఎండాకాలం వాళ్లమ్మ ముత్తక్క బీడీలు చుట్టే తునికాకు కోసి, కట్టలు కట్టి, ఆకు కొనే కల్లానికి మోసుకుపోయేది. ఎండలో కొన్ని పాడవుతాయట, అందుకని అక్కడ వందకు అయిదు కట్టలు పైన పెట్టించుకునేవారు. పాడయ్యేది ఎవరి ఆకో, నష్టం ఎవరి నెత్తినో అడిగినవాళ్లు లేరు. అడవి పల్లెల్లో పుట్టిన పిల్లలకు ఆ పైన అయిదు కూడా వందలో భాగమే.

ఆ జంపక్కే రెండువేల నాలుగు మార్చి నాటికి ఖమ్మంలో టీచర్ ట్రైనింగ్ చివరికొచ్చింది. మిగిలింది ఒక్క లెక్కల పాఠం. టేకులపల్లి దగ్గర తండా బడిలో, మూడో తరగతికి, లెక్చరర్ వెంకటనారాయణ గారి ఎదుట చెప్పాలి. తప్పితే మళ్లీ ఏడాది. ఇంకో ఏడాది చదివించే ఓపిక ఇంట్లో లేదని ముత్తక్క ముందే చెప్పేసింది.

వెంకటనారాయణది సత్తుపల్లి వైపు మామిడితోటల కుటుంబం. మంచాయనే, కానీ ఎర్ర పెన్ను మూత తీశాడంటే దయాదాక్షిణ్యాలుండవు. "పిల్లల బతుకులోంచి ఉదాహరణ తియ్యాలమ్మా" అని రెండేళ్లూ చెవినిల్లు కట్టుకుని చెప్పాడు. జంపక్క అలాగే తీసింది.

ఆ ఉదయం కిటికీలోంచి ఇప్పపూల వాసన గదంతా కమ్ముకుంది. తెల్లారకముందే అమ్మలతో పూలేరడానికి పోయి వచ్చిన పిల్లలు, ఏరిన పూలు ఒళ్లో పెట్టుకుని, కూర్చునే జోగుతున్నారు. జంపక్కకూ అంతా కలలోలాగే ఉంది.

"మీ అమ్మ వంద కట్టలు కట్టింది. ఇరవై తీసి పక్కకు పెట్టింది. ఎన్ని ఉన్నయ్?"

ముందువరసలో కమ్లి లేచింది. "ఎనభై అయిదు."

"మల్ల సూడు."

"ఎనభై అయిదే, టీచర్!" ఈసారి తరగతి మొత్తం అరిచింది.

వెనక బెంచీలో పెన్ను మూత ఊడిన చప్పుడు. తప్పు జవాబు వస్తే సరైనది బోర్డు మీద రాసి ముందుకు సాగాలని పుస్తకంలో ఉంది. జంపక్క సుద్దముక్క ఎత్తింది. కానీ రాయలేకపోయింది. ఎదురుగా నల్లబోర్డుకు బదులు సున్నం రాలిన ఒక గోడ కనిపించింది. తొమ్మిదేళ్ల వయసులో ఆ గోడలోని పగులును పొద్దంతా చూస్తూ నిలబడింది తనే. లెక్కలు తనకు రావని ఆ గోడ దగ్గరే నమ్మేసింది, పాపం.

సుద్దముక్క కింద పెట్టేసింది.

"కమ్లీ, కల్లంల వందంటే ఎన్ని పెట్టాలె?"

"వంద పెట్టాలె. పైన అయిదు."

"పైన అయిదు ఎందుకే?"

కమ్లి వింతగా చూసింది. "పెట్టాలె. అమ్మ పెడ్తది."

జంపక్క పిల్లల ఒళ్లలో ఉన్న ఇప్పపూలన్నీ నేలమీద పోయించింది. పిల్లలు చుట్టూ మూగి, ఒక్కొక్క పువ్వూ జరుపుతూ, వంద అయ్యేదాకా పాడినట్టు లెక్కపెట్టారు. ఆ కుప్ప పక్కన అయిదు పూలు విడిగా పెట్టించింది.

"గీ కుప్ప వంద. మరి గీ అయిదు ఎవరియ్యి?"

కమ్లి వంగి ఆ అయిదింటినీ వేలితో తాకింది.

"మా అమ్మయే కద..." అంది మెల్లగా.

అప్పుడే గంట కొట్టారు.

వరండాలో వెంకటనారాయణ కాగితం పట్టుకుని నిలబడ్డాడు. 'తప్పు జవాబును సరిదిద్దలేదు' అని అప్పటికే రాసి ఉంది.

"పాఠం పూర్తి కాలేదమ్మా. బోర్డు మీద ఒక్క అంకె లేదు."

"అవ్ సార్."

"ఆ పిల్ల నూట అయిదులోంచి ఇరవై తీసిందని నీకెలా తెలిసింది?"

"నేను గూడ గట్లనే చెప్పిన సార్, మూడో తరగతిల."

"మీ సారేం చేశాడు?"

"గోడ దిక్కు నిలబెట్టిండు."

ఆయన మళ్లీ ఎర్ర పెన్ను మూత తీశాడు. "నేనైనా అదే చేసేవాణ్ణి" అన్నాడు. "ఇరవై రెండేళ్ల నుంచి టీచర్లను తయారుచేస్తున్నాను, జంపక్కా." రాసిన వాక్యం మీద అడ్డంగా గీత గీశాడు. పాస్ మార్కులు వేశాడు. అంతకన్నా ఒక్కటి ఎక్కువ వేయలేదు, పాఠం పూర్తి కాలేదు కదా.

తిరుగు బస్సులో జంపక్కకు కునుకు పట్టింది. మళ్లీ అదే బాట, అవే కట్టలు. వందమందీ లోపలికి పోయారు. అయిదుగురు కట్టలు దించబోయారు. ఈసారి జంపక్క వాళ్లను పేరుపెట్టి పిలిచింది.

మొదట తిరిగి చూసింది ముత్తక్క.