కత్తెరమ్మ కళ్లారా చూసింది

వీధి చివర ఇరుకు దుకాణం. రెండు కుట్టుమిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, గోడ నిండా దారపు కండెలు. అక్కడ కోట్లూ చొక్కాలూ కుట్టే ఆవిడని అందరూ కత్తెరమ్మ అనేవారు. చేతిలో కత్తెరకి ఎంత పదునో నోటికీ అంతే. కొలతలిస్తూ పొట్ట లోపలికి పీల్చుకునేవాళ్లని, "ఊపిరి వదలండి బాబూ, రేపు దీన్ని తొడుక్కునేది మీరేగా!" అని దులిపేసేది.

ఆమె రొమ్ములో గడ్డ కనబడింది. ఆసుపత్రిలో సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. ఫలితం వచ్చిన రోజు నుంచీ ఇంట్లో గుసగుసలు మొదలయ్యాయి. ఆమె గదిలోకి రాగానే తమ్ముడు మాట మార్చేసేవాడు. చివరికి నిలదీసింది.

"ఏం లేదక్కా. చిన్న గడ్డే. డాక్టర్లు చూసుకుంటారు, నువ్వు బుర్ర పాడుచేసుకోకు" అన్నాడు నేలచూపులు చూస్తూ.

"ముక్క నాది. సంగతి మాత్రం నాకు తప్ప అందరికీ తెలుసన్నమాట!"

మెడలో కొలతల టేపు కూడా తీయకుండా తిన్నగా ఆసుపత్రి ల్యాబుకి నడిచింది. తమ్ముడు వెనకాలే పరుగెత్తాడు. అక్కడి డాక్టరమ్మ మైక్రోస్కోపు మీంచి తలెత్తింది.

"క్యాన్సరే కదా?"

డాక్టరమ్మ తటపటాయించి, "అవునమ్మా" అంది.

"చూపించండి."

"చూసినా మీకు అర్థం కాదు. పైగా భయపడతారు."

"అర్థమయ్యేలా చెప్పడం మీ వంతు. భయం సంగతి నేను చూసుకుంటాను."

డాక్టరమ్మ నవ్వి స్టూలు జరిపింది. "మీ ముక్కని మైనంలో గట్టిపరిచి, ఉల్లిపొర కన్నా పల్చగా కోశాం. కణాలకి సొంత రంగు ఉండదు, అందుకే గాజుపలక మీద పరిచి రంగు అద్దాం. కింది నుంచి వెలుగు దాంట్లోంచి పైకి వస్తుంది. గాజుపలక దగ్గరున్న కటకం బొమ్మని పెద్దది చేస్తే, మీ కంటి దగ్గరున్నది దాన్నింకా పెద్దది చేస్తుంది."

మొదట కత్తెరమ్మకి తన కనురెప్పల వెంట్రుకలే కనిపించాయి. తర్వాత గులాబీరంగు మీద ఊదా చుక్కలు తేలాయి. మర తిప్పి పలకని కుడికి జరిపితే బొమ్మ ఎడమకి పోయింది.

"ఇదేంటి, ఇటు రమ్మంటే అటు పోతోంది! అచ్చం మా తమ్ముడే."

డాక్టరమ్మ ఇంకా పెద్దదిగా చూపించే కటకం తిప్పింది. ఒకపక్క కణాలు వరసగా, సమంగా నిలబడి ఉన్నాయి. రెండోపక్క నల్లబడ్డ పెద్ద చుక్కలు, ఒకదానికొకటి పొంతన లేకుండా, గుంపుగా తోసుకొస్తున్నాయి.

"ఇటు కుట్టు తిన్నగానే ఉంది. అటు చిందరవందర. అవేనా?"

"అవే. ఒక్కోటీ రెండవుతూ, ఆగకుండా పెరుగుతున్నాయి."

కత్తెరమ్మ బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. కన్ను మాత్రం తీయలేదు.

"నన్నడక్కుండా నా ఒంట్లో కాపురం పెట్టింది మీరేనా? ఉండండి, మీ పని చెప్తా."

లేచి తమ్ముడి వైపు తిరిగింది. "ఇకమీదట ఏ మాటైనా ముందు నాకే చెప్పాలి. తోడు రా, వద్దనను. నా బదులు నువ్వు తలూపకు."

తమ్ముడు కళ్లు తుడుచుకుని తలూపాడు.

ఆపరేషన్ అయింది. వేగంగా పెరిగే కణాలని చంపే మందు ఎక్కించారు. ఆ మందుకి జుట్టు కుదుళ్లూ శత్రువులే, తల బోడి అయింది. తమ్ముడు టోపీ కొనుక్కొస్తే, "నేను కుట్టని టోపీ నా తలకెక్కదు" అని విసిరికొట్టి, ఓపిక ఉన్న రోజుల్లో బోడితలతోనే మిషను ముందు కూర్చునేది.

"ఎలా ఉండేదానివి, ఎలా అయిపోయావు!" అని ఒకావిడ జాలిపడింది.

"నా సంగతి సరే, మీ కోటు చంకలో పిగిలింది. అది విప్పి ఇటివ్వండి."

గడ్డ మళ్లీ రాలేదు. జుట్టు వచ్చింది, ఈసారి పొట్టిగా, నెరిసి. రంగు వేసుకోమని చెప్పబోయిన వాళ్లని ఆమె ఆ మాట పూర్తి చేయనివ్వలేదు.